గవదబిళ్లలు, అమ్మమ్మ గొలుసు

చిన్నప్పుడు నాకు గవదబిళ్లలు వస్తే మా అమ్మమ్మ తన మెడలో బంగారు గొలుసు తీసి నాకు వేసింది. పది రోజుల్లో వాపు తగ్గింది. క్రెడిట్ మొత్తం గొలుసుకే! సర్వర్ రీస్టార్ట్ చేస్తే సమస్య పోయినట్టన్నమాట. పోయింది సరే, అసలెందుకొచ్చింది?

ఈ ప్రశ్న చాలా పాతది. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకుల థాసోస్ దీవిలో చెవుల దగ్గర వాపులు, కొందరు మగవాళ్లకి వృషణాల్లో నొప్పి వచ్చాయని హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాల్లో ఉంది. లక్షణాలు రాసుకున్నారు గానీ కారణం దొరకలేదు.

పైగా కారణం ఒక్కటి కాదు. 1881 జులైలో తుపాకీ గుండు తగిలి మంచాన పడ్డ అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌కి, ఆగస్టులో చెవి దగ్గరి లాలాజల గ్రంథి వాచి చీము పట్టింది. అవి గవదబిళ్లలు కావు. ఒంట్లో నీరు తగ్గి నోరెండితే లాలాజలం సరిగ్గా పారదు. అప్పుడు నోట్లో ఉండే బాక్టీరియా నాళంలోంచి గ్రంథిలోకి ఎదురెక్కుతుంది. నాళంలో రాయి అడ్డం పడ్డా ఇదే గొడవ.

గవదబిళ్లలకి కారణం వైరస్ అని 1934లో జాన్సన్, గుడ్‌పాశ్చర్ తేల్చారు. బాక్టీరియా లేని ద్రవంతో కూడా కోతులకి జబ్బు తెప్పించి చూపించారు.

1963లో ఓ రాత్రి మారిస్ హిల్‌మన్ అనే శాస్త్రవేత్త ఐదేళ్ల కూతురు జెరిల్ లిన్‌కి ఈ వాపే వచ్చింది. ఆయన పాప గొంతులోంచి నమూనా తీసి ల్యాబ్‌లో దాచాడు. ఆ వైరస్‌నే కోడి పిండాల్లో పెంచి, బలహీనపరిచి టీకా చేశాడు. 1967లో అనుమతి వచ్చింది. ఆ వైరస్ రకానికి ఇప్పటికీ ఆ పాప పేరే.

మన దేశానికొస్తే, 2017లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్లలు లేవు. మామూలు జబ్బేగా అంటారా? చాలామందికి మామూలే. కొందరికి మెదడు పొరలు వాస్తాయి, అరుదుగా చెవుడు కూడా వస్తుంది.

అందుకే మీ పిల్లల టీకా కార్డు ఓసారి తీసి చూడండి. ఎంఆర్ అని ఉందా, ఎంఎంఆర్ అని ఉందా? ఎంఆర్ అని మాత్రమే ఉంటే పిల్లల డాక్టర్ని అడగండి.

అమ్మమ్మని తప్పుపట్టను. ఆవిడ దగ్గర గొలుసే ఉంది. మన దగ్గర టీకా ఉంది కదా!