చేతులు కడుక్కోనందుకేనా?

మొహం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని చూడగానే మన ఇళ్లలో ఒకటే మాట: "ఒంట్లో రక్తం లేదు, సరిగ్గా తినడంలేదు." చాలాసార్లు ఆ మాట నిజమే. కాని ఒంట్లో ఇనుము ఉన్నా నెత్తురు దాన్ని వాడుకోలేని అవస్థ ఒకటుంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆలిస్ హామిల్టన్ గుర్తొస్తుంది.

ఆవిడ 1869లో పుట్టిన అమెరికన్ డాక్టరు. చికాగోలో జేన్ ఆడమ్స్ పేదలకోసం నడిపిన హల్ హౌస్‌లో మకాం. చుట్టూ అంతా కార్ఖానా కూలీలే. 1910లో ఇల్లినాయిస్ రాష్ట్రం పరిశ్రమల్లో వచ్చే జబ్బులమీద విచారణ జరిపించినప్పుడు, సీసం సంగతి ఆవిడ తన భుజాన వేసుకుంది.

యజమానులదంతా ఒకటే పాట: "మా దగ్గర ఏ ప్రమాదమూ లేదు. ఎవడైనా జబ్బుపడ్డాడంటే చేతులు కడుక్కోకుండా తిని ఉంటాడు!"

ఆవిడ ఊరుకోలేదు. ఆస్పత్రి రికార్డులు తిరగేసింది. కూలీల ఇళ్లకు వెళ్లింది. స్నానాల తొట్టెలకు ఎనామిల్ పూసే ఒక పోలండు కూలీకి కడుపునొప్పి, పైగా రెండు మణికట్లూ పడిపోయాయి. ఫాక్టరీవాళ్లు సీసమే వాడమన్నారు. వాళ్లు చూపించిన చోట నిజంగానే లేదు! అతని ఇంటికి వెళ్లి అడిగితే గుట్టు బయటపడింది. అసలు పని జరిగేది వేరేచోట. ఎర్రగా కాలిన తొట్టెమీద పొడి చల్లుతారు. ఆ పొడిలో ఉంది సీసం. తప్పు చేతులది కాదు, పీల్చే గాలిది.

ఊపిరితో లోపలికి పోయిన సీసం నెత్తుట్లో చేరి, దాదాపు అంతా ఎర్రకణాల్లోనే తిష్ఠ వేస్తుంది. అక్కడ అది చేసే పనిని తర్వాతి శాస్త్రజ్ఞులు విడమరిచి చెప్పారు. నెత్తురు తయారీలో చివర ఇనుమును ఒక చట్రంలో అమర్చాలి, ఉంగరంలో రాయి పొదిగినట్టు. ఆ పొదిగే కంసాలి చేతులు సీసం కట్టేస్తుంది. రాయి పక్కనే ఉంటుంది, ఉంగరం మాత్రం బోసిగా మిగులుతుంది. ఒక్కోసారి ఇనుము చోట జింకు వచ్చి కూర్చుంటుంది. మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం ముందే రాలిపోతుంది. కొన్ని కణాల్లో ఊడ్చకుండా మిగిలిపోయిన చెత్త, రంగువేసి మైక్రోస్కోపులో చూస్తే, నీలిచుక్కలుగా కనిపిస్తుంది. ఇక ఆ మనిషి ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా, సీసం అంటుతున్నంతకాలం ఏం లాభం చెప్పండి?

నేషనల్ లెడ్ కంపెనీ పెద్దల్లో ఒకరైన ఎడ్వర్డ్ కార్నిష్ మొదట నమ్మలేదు. రుజువు తెమ్మన్నాడు. ఆవిడ 22 మంది రోగుల వివరాలు తెచ్చి ముందు పెట్టింది. ఆయన మాట తప్పలేదు. ధూళి, పొగ తగ్గించే ఏర్పాట్లు చేయించి, డాక్టర్లను పెట్టించాడు.

1919లో హార్వర్డు విశ్వవిద్యాలయం ఆవిడను పిలిచి ఉద్యోగమిచ్చింది. అక్కడ పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఆవిడే. కాని షరతులున్నాయి: అధ్యాపకుల క్లబ్బులోకి రాకూడదు, ఫుట్‌బాల్ టిక్కెట్లు అడగకూడదు, స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు. 1935లో దిగిపోయేనాటికి కూడా అసిస్టెంట్ ప్రొఫెసరే!

1970 సెప్టెంబరులో, 101 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూసింది. ఆ డిసెంబరులోనే అమెరికాలో పనిచేసేచోట కార్మికుల క్షేమానికి దేశవ్యాప్తంగా చట్టం వచ్చింది.

చేతులు కడుక్కోమని పిల్లలకు మనం చెబుతూనే ఉందాం. కాని జబ్బుపడ్డవాడి చేతులు చూసినవాళ్లు, వాడు పీల్చే గాలిని కూడా ఒకసారి చూడాలి కదా!