పన్నెండు సిలిండర్ల ఆశ

1987 డిసెంబరు. క్రిస్మస్ సెలవుల్లో జాగ్వార్ కంపెనీ ఇంజినీరింగ్ అధిపతి జిమ్ రాండల్ ఇంట్లో కూర్చుని అట్టలు కత్తిరిస్తున్నారు. సెలవులు అయ్యేసరికి అసలు కారులో నాలుగోవంతు కొలతల్లో ఒక నమూనా తయారైంది. అలాంటి కారు కావాలని కంపెనీ ఆయన్ను అడగలేదు, అందుకు పైసా కేటాయించలేదు. ఆయన మనసులో ఉన్నదల్లా ఎక్స్‌జె13. లె మాన్ 24 గంటల పందెం కోసం 1966లో జాగ్వార్ కట్టి, ఒక్కసారైనా పందెంలోకి దించకుండానే మూలన పెట్టేసిన కారు అది. డ్రైవరు వీపు వెనక పన్నెండు సిలిండర్ల ఇంజను ఉన్న ఆ కారుకు ఒక వారసుడు పుట్టాలని రాండల్ కోరిక.

కోరిక ఆయన ఒక్కడిదే అయితే అట్టబొమ్మ దగ్గరే ఆగిపోయేది. కంపెనీలో డజను మంది ఆయనతో చేతులు కలిపారు. సాయంత్రాలు, శని ఆదివారాలు, జీతం లేని పని. అందుకే వాళ్లకు ‘సాటర్డే క్లబ్’ అని పేరొచ్చింది. విడిభాగాలు చేసే బయటి కంపెనీలు కూడా తమ వంతు సాయం చేశాయి. కీత్ హెల్ఫెట్ గీసిన రూపాన్ని ఎంచుకున్నారు. ఎక్స్‌జె13 వంపులే అందులో మరికాస్త సాగి కనిపిస్తాయి. 6.2 లీటర్ల వి12 ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి, పైకి లేచే తలుపులు, అయిదు మీటర్లు దాటిన పొడవు. కంపెనీ పెద్దలకు ఆ కారును చూపించింది ప్రదర్శనకు వారం ముందు. పని పూర్తయింది 1988 అక్టోబరు 18 తెల్లవారుజామున. ఆ రోజే బర్మింగ్‌హామ్‌లో బ్రిటిష్ మోటార్ షోలో ముసుగు తీయాలి.

వెండి రంగు కారు మీద గుడ్డ జారగానే ప్రదర్శన అంతా అటు తిరిగింది. ఫెరారీ తన ఎఫ్40ను అదే ప్రదర్శనలో పెట్టింది, అయినా జనం జాగ్వార్ దగ్గరే గుమికూడారు. ఈ ఒక్క కారు కోసమే అదనంగా 90 వేల మంది వచ్చి ఉంటారని అప్పటి అంచనా. అంకె రాయని చెక్కులు తెచ్చి కంపెనీ అధికారుల చేతుల్లో పెట్టినవాళ్లున్నారు. ఆ ఊపుకు కారణం కారు అందం ఒక్కటే కాదు. నాలుగు నెలల ముందే, జూన్‌లో, జాగ్వార్ 31 ఏళ్ల తర్వాత లె మాన్ గెలిచింది. వరసగా ఏడేళ్లు గెలిచిన పోర్షాను పడగొట్టింది. అభిమానులు ఇంకా ఆ గెలుపు మత్తులోనే ఉన్నారు. ఆ సమయంలో ఈ కారు వచ్చి నిలబడింది, పేరులోనే వేగం పెట్టుకుని: ఎక్స్‌జె220. గంటకు 220 మైళ్లు, మన లెక్కలో 354 కిలోమీటర్లు. వేదిక మీద ఉన్న ఆ కారు ఎన్నడూ అంత వేగం అందుకోలేదు. అది ఇంకా మాట మాత్రమే. ఆ మాటకే జనం ఊగిపోయారు.

ఇక్కడిదాకా ఇది ప్రేమకథ. కొత్త కారు కోసం ఎదురుచూడటంలో ఉన్న సుఖం కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు చెప్పనక్కర్లేదు. పత్రికలో వచ్చిన ఒక్క ఫొటోను గోడకు అంటించుకుని, గేర్ల నిష్పత్తి ఎంత ఉంటుందో, శబ్దం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నెలలు గడిపేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు. వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది ఆ కారు కొనరు, కొనలేరు. అయినా ఆ కారు వాళ్లదే.

కొనగలిగినవాళ్ల కథ వేరు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ కన్నుమూశాక ఫెరారీల ధరలకు రెక్కలొచ్చాయి. ఎఫ్40 కోసం వరసలో నిలబడినవాళ్లు తమ వంతు రాగానే అసలు ధరకు ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. అరుదైన కారంటే స్పోర్ట్స్ కారని కాక, ఏటా పెరిగే ఆస్తి అని లెక్క వేసే కాలం వచ్చింది. 1989 డిసెంబరు 20న, ఫోర్డ్ జాగ్వార్‌ను కొన్న కొద్దివారాలకే, ఎక్స్‌జె220ను నిజంగానే తయారుచేసి అమ్ముతామన్న ప్రకటన వెలువడింది. ధర పన్నులు కాక 2,90,000 పౌండ్లు. ముందుగా 50,000 పౌండ్లు కట్టాలి. చేసేది 350కి మించదు. ఎగబడినవాళ్లు దాదాపు 1,500 మంది అంటారు. మన ఊళ్లలో వెంచర్ వేస్తున్నారనగానే బయానా కట్టి, రిజిస్ట్రేషన్ రోజు వచ్చేలోగా అగ్రిమెంటును ఇంకొకరి చేతిలో పెట్టి లాభం తీసుకునేవాళ్లను చూశాం కదా, ఆ వరసలో నిలబడ్డవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. వాళ్లకు స్టీరింగ్ ముందు కూర్చునే ఉద్దేశం లేదు.

తయారీ బాధ్యత టామ్ వాకిన్‌షా రేసింగ్ సంస్థ, జాగ్వార్ కలిసి నడిపే జాగ్వార్‌స్పోర్ట్‌కు అప్పగించారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బ్లాక్స్‌హమ్‌లో కర్మాగారం. బొమ్మగా నిలబెట్టిన కారును రోడ్డు మీద నడిపే కారుగా మార్చడానికి కూర్చున్న ఇంజినీర్లకు ఒక్కొక్కటే చిక్కు ఎదురైంది. వి12 పొడవు ఎక్కువ, బరువు ఎక్కువ, పొగ నిబంధనలకు లొంగదు. నాలుగు చక్రాల నడక ఇంకా బరువు పెంచుతుంది. చివరికి వి12 పోయింది, దాని స్థానంలో 3.5 లీటర్ల వి6కు రెండు టర్బోలు తగిలించారు. దాని మూలం ఆస్టిన్ రోవర్ వాళ్ల మెట్రో 6ఆర్4 అనే చిన్న ర్యాలీ కారు. శక్తి వెనక చక్రాలకు మాత్రమే వస్తుంది. పైకి లేచే తలుపులు పోయి మామూలు తలుపులు వచ్చాయి. చక్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు తగ్గింది.

పన్నెండు సిలిండర్ల కోసం ఎదురుచూసినవాడికి ఆరు చేతికొస్తే గుండె చివుక్కుమనడం సహజం. వి12 పాడే పాట వేరు. ఈ వి6 గొంతు బొంగురు, నింపాదిగా నడిపితే మరీ గరగరలాడుతుంది. ఆ నొప్పి నేను కాదనను. కానీ ఆ బొంగురు ఇంజనుదే 542 హార్స్‌పవర్. తయారైన కారు బరువు 1,470 కిలోలు, ప్రదర్శన కారు కన్నా తక్కువ. పాత రూపం దాదాపుగా నిలిచింది. ఆ మార్పులు చేసినవాళ్లు మాట తప్పారని అనుకోను. మాట నిలబెట్టుకోవడానికి వాళ్లకు అంతకన్నా దారి లేదు.

ఈలోగా గాలి తిరిగింది. 1989 అక్టోబరులోనే బ్రిటన్‌లో వడ్డీ రేటు 15 శాతానికి చేరింది. ఆపైన మాంద్యం వచ్చి కార్ల బుడగ పగిలింది. ఒప్పందంలో ధర ద్రవ్యోల్బణంతో పాటు పెరుగుతుందని ఉంది, అది పెరిగి పెరిగి 4 లక్షల పౌండ్లు దాటింది. కొని అమ్ముకుందామనుకున్నవాడికి కొనేవాడు దొరకని రోజులు. అప్పుడు హఠాత్తుగా అందరికీ వి12 గుర్తొచ్చింది. మాకు చూపించింది ఒకటి, ఇస్తున్నది ఒకటి అంటూ కొందరు కోర్టుకెక్కారు. కొందరు డబ్బు కట్టి ఒప్పందం నుంచి బయటపడ్డారు. సిలిండర్ల మీద నిజంగా బెంగపడ్డవాళ్లూ వాళ్లలో ఉండి ఉంటారు. అయితే మార్కెట్ పైకే పోతూ ఉంటే ఆ ఆరు సిలిండర్ల గురించి ఒక్క వకీలు నోరు విప్పేవాడు కాదని నా నమ్మకం.

మరి 220 సంగతి? 1992లో ఇటలీలోని నార్డోలో, వలయంలా ఉండే పరీక్షా ట్రాక్ మీద పందెపు డ్రైవరు మార్టిన్ బ్రండల్ ఆ కారును పరుగెత్తించారు. మామూలుగా 212.3 మైళ్లు వచ్చింది. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లు తీసేస్తే 217.1. పేరులోని అంకెకు మూడు మైళ్లు తక్కువ. అయినా రోడ్డు కార్లలో అంత వేగం అప్పటికి ఎవరూ చూడలేదు. మెక్‌లారెన్ ఎఫ్1 వచ్చేదాకా ఆ రికార్డు దానిదే.

ఆ కారును దగ్గరగా చూస్తే ఎంత పట్టుదలగా కట్టారో తెలుస్తుంది. అద్దాలతో కలిపి వెడల్పు 2.2 మీటర్లు, మన పాతబస్తీ సందుల్లో తలుపు తెరవడమే కష్టం. ఇంజను మీద గాజు పలక, వెనక నిలబడితే లోపలి యంత్రం కనిపిస్తుంది. హెడ్‌లైట్ల మీది మూతలు వెలిగించేటప్పుడు కిందికి జారతాయి. వెనక లైట్లు మాత్రం రోవర్ 200 అనే మధ్యతరగతి కారువి, పక్క అద్దాలు సిట్రోయెన్ సిఎక్స్‌వి. అంత ఖరీదైన కారులో అవేమిటని వేళాకోళం చేసినవాళ్లున్నారు. కొద్దిపాటి కార్ల కోసం కొత్త లైట్లు చేయించి అనుమతులు తెచ్చుకునే ఖర్చు కర్మాగారాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. రంగుల పేర్లన్నీ పందెపు మైదానాలవి: సిల్వర్‌స్టోన్ ఆకుపచ్చ, మోంజా ఎరుపు, లె మాన్ నీలం, స్పా వెండి, డేటోనా నలుపు.

1994లో తయారీ ఆపేసేనాటికి 350 చేరలేదు, సుమారు 280 దగ్గరే ఆగింది. అందులోనూ కొన్ని 1997 దాకా కొత్తవిగానే మిగిలిపోయి, మొదట చెప్పిన ధరలో సగం కన్నా తక్కువకు అమ్ముడయ్యాయి. అప్పుడు కొన్నవాళ్లు నడపడానికే కొన్నారు. జాగ్వార్ 2008లో ఫోర్డ్ నుంచి టాటాల చేతికొచ్చింది, ఎక్స్‌జె220 ధర కూడా నెమ్మదిగా కోలుకుని ఇప్పుడు వేలాల్లో లక్షల డాలర్లు పలుకుతోంది. ఆ కారు కొలతల టైర్లు వేరే కార్లకు సరిపోవు, పాతవి దొరకడం మానేశాయి. గ్యారేజీల్లో నిలిచిపోయిన కార్లు మళ్లీ రోడ్డెక్కాలని బ్రిడ్జ్‌స్టోన్ తర్వాత ఈ ఒక్క కారు కోసమే టైర్లు కొత్తగా తయారుచేసింది.