శిశువు తొలి సంవత్సరము: సూత్రకారుల విధి, మామ్మల ఆచారము



శిశువు పుట్టిననాటి నుండి ఏడాది నిండేవరకు మన ఇండ్లలో జరిగే వేడుకలన్నీ ఒకే కాలమున, ఒకే గ్రంథమున పుట్టినవి కావు. కొన్ని సూత్రకారులు విధించినవి, కొన్ని వైద్యులు చెప్పినవి, మరికొన్ని తల్లులు నిలిపినవి. ఈ మూడింటి చరిత్రను నేడు కొంత విచారించుకొందాము.

తెలుగునాట కృష్ణయజుర్వేదులలో అధికులకు ఆపస్తంబ గృహ్యసూత్రమే ప్రమాణము. పుట్టినంతనే జాతకర్మ, పదవనాడు తల్లి స్నానము చేసి లేచిన పిమ్మట తల్లిదండ్రులు చేయు నామకరణము, ఆరవ నెలలో పెరుగు, తేనె, నెయ్యి కలిపిన అన్నముతో అన్నప్రాశన అందులో కలవు. నాలుగవ నెలలో శిశువును వెలుపలికి తెచ్చి సూర్యుని చూపు నిష్క్రమణమును పారస్కరుడు చెప్పినాడు. కర్ణవేధము ఆపస్తంబ, ఆశ్వలాయన గృహ్యసూత్రములలో లేదు. సుశ్రుతుడు దానిని ఆరవ లేక ఏడవ నెలలో చేయుమన్నాడు. పుస్తకము, బంగారము, కత్తి ముందుంచి శిశువు దేనిని పట్టునో చూచుట తరువాతి నిబంధన గ్రంథములలోనిది.

ఇన్ని మెట్లు ఎందుకు? పసిప్రాణము గాలిలో దీపము గనుక. 1971లో సైతము మన దేశమున పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 129 మంది ఏడాది నిండకమునుపే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. ఇక వేల ఏండ్ల క్రిందటి తల్లి భయమును మనము ఊహించుకొనవచ్చును. ఒక్కొక్క సంస్కారము ఒక్కొక్క రేవు దాటిన సంతోషము.

సూత్రకారులు చూడని మెట్లను మన మామ్మలు చూచినారు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. ఈ పిండివంటలకు సూత్రము లేదు. అయినను వివాహ ప్రకరణమున ఆచారములను స్త్రీల వలన తెలిసికొనవలెనని ఆపస్తంబుడే చెప్పియున్నాడు.

ఈ మాట మాకు అనుభవమున తెలిసినది. సుమారు నలుబది ఏండ్ల క్రిందట ఒక గృహస్థు, "ఆడపిల్లకు మంత్రములు లేవు గదా, అన్నప్రాశన మానవచ్చునా అండీ?" అని మమ్ము అడిగినాడు. మనుస్మృతి స్త్రీలకు సంస్కారములు అమంత్రకముగా చెప్పినది తలచి, "మీ ఇష్టము" అంటిమి. ఆ ఇంటి మామ్మగారు లోపలి నుండి వచ్చి, "మంత్రం లేకపోతే పిల్లకు ఆకలి కూడా లేదా నాయనా?" అన్నారు. మాకు సమాధానము తోచలేదు.

ఇంటికి వచ్చి మరల గ్రంథము తెరచితిమి. అమంత్రకము అనగా మానుమని కాదు, చేయుమనియే. ఆడశిశువు పేరులో అక్షరములు బేసిగా ఉండవలెనని ఆపస్తంబుడు ప్రత్యేకముగా విధించినాడు. అంతకన్న గొప్పమాట మరొకటి కలదు. ప్రయాణము నుండి వచ్చిన తండ్రి కుమారునివలెనే కుమార్తెను గూడ యజుర్మంత్రముతో అభిమంత్రింపవలెను. ఆమె నూరేండ్లు జీవింపవలెనని ఆ మంత్ర తాత్పర్యము. బాల్యమున వల్లించిన సూత్రమే అది. దాని విలువ మాకు తెలిపినది మామ్మగారు. మరునాడే మేము వెళ్లి, మా మాట పొరపాటని ఒప్పుకొని, ఆ పాపకు అన్నప్రాశన జరిపించితిమి.

మరియొక విషయము. జాతకర్మలోను, అన్నప్రాశనలోను తేనె కలదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించరాదని నేటి వైద్యులు హెచ్చరించుచున్నారు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసివారి ప్రేగులలో పెరిగి విషమును పుట్టించి ప్రాణాపాయము తేగలదు. గనుక తేనెను మానుడు. ఆయుర్వృద్ధికై చేయు కర్మ ఆయువునకు హాని కారాదు. ఆరు నెలలు తల్లిపాలే పట్టవలెనని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మన అన్నప్రాశన కాలమును దానికి సరిపోవుచున్నది.

బిడ్డ ఆడైనను మగైనను మెట్టుమెట్టునకు పండుగ చేయుడు. స్తోమత లేనివారు ఒక్క అరిసె చేసినను చాలును. పసిపాదమునకు అదియే రాజమార్గము.

స్వస్తి.