పాత విహరిణులకు చోటివ్వడం

కొత్తగా రాసిన పుట ముప్ఫయ్యేళ్ళ నాటి విహరిణిలోనూ తెరుచుకోవాలా? "అంత పాత బ్రౌజరు ఇంకా ఎవరు వాడతారండీ?" అని మిత్రులు అడుగుతుంటారు. వాడేవారు కొద్దిమందే. అయినా ఈ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉంది. తెలుగులో రాసేవారికి అది మరీ దగ్గరిది.

1990లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయంలో రాసిన తొలి విహరిణి నెక్స్ట్ కంప్యూటర్లలో మాత్రమే నడిచేది. తక్కిన యంత్రాల కోసం నికోలా పెల్లో లైన్ మోడ్ బ్రౌజరును రాశారు. అందులో బొమ్మల్లేవు, మౌసు లేదు. లంకె పక్కన ఒక అంకె కనబడుతుంది, ఆ అంకెను టైపు చేస్తే ఆ పుటకు వెళ్తాం. ఇంత తేడా ఉన్న రెండు పనిముట్లు ఒకే పుటను చదవగలగాలి కనుక హెచ్‌టీఎమ్ఎల్‌కు తొలినాళ్ళలోనే ఒక నియమం అబ్బింది: తెలియని ట్యాగు ఎదురైతే దాన్ని వదిలేసి లోపలి పాఠాన్ని చూపించాలి.

ఈ ఉదార నియమం మీదే పాతా కొత్తా కలిసి బతికాయి. 1993లో మొజాయిక్ బొమ్మల్ని పాఠం నడుమనే చూపడం మొదలుపెట్టింది. బొమ్మలు చూపలేని విహరిణుల కోసం బొమ్మకు బదులు చదివే మాటను రాసే ఏర్పాటూ వచ్చింది. 1995లో జావాస్క్రిప్టు వచ్చినప్పుడు మాత్రం ఈ నియమమే చిక్కు తెచ్చింది. పాత విహరిణి ట్యాగును వదిలేసి, లోపలి ప్రోగ్రామునంతా పాఠమనుకుని తెర మీద పరిచేది. అందుకని రచయితలు ప్రోగ్రామును వ్యాఖ్య గుర్తుల మధ్య దాచిపెట్టారు. 1997 నాటి నెట్‌స్కేప్ 4కు స్టైల్ షీట్లు వచ్చీరానట్టుగా వచ్చు, '@' గుర్తుతో మొదలయ్యే ఇంపోర్ట్ ఆదేశం మాత్రం అసలే రాదు. రచయితలు అలంకారమంతా ఆ ఆదేశం వెనుక ఉంచారు. అప్పుడు నెట్‌స్కేప్ 4 చెదిరిన పుటకు బదులు నిరాడంబరమైన పుటను చూపేది. దాని అజ్ఞానమే దానికి రక్ష అయింది.

అయితే ఈ నియమం పుట చేతికి అందాక పనిచేసేది. ఇప్పటి అడ్డంకి గుమ్మం దగ్గరే ఉంది. ఒకే చిరునామాలో అనేక జాలస్థలులు కాపురముంటాయి కనుక, ఏ స్థలి కావాలో పేరు చెప్పడం 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1తో తప్పనిసరి అయింది. అంతకుముందరి విహరిణులు కొన్ని ఆ పేరు చెప్పవు, అందుచేత వేరొకరి వాకిట్లో తేలతాయి. ఆపైన గూఢలిపి. ఎస్సెస్సెల్ 3.0ను వాడరాదని 2015లో ఐఈటీఎఫ్ తేల్చింది. 2020లో ప్రధాన విహరిణులు టీఎల్ఎస్ 1.0నూ 1.1నూ విడిచిపెట్టాయి. అంతకు మించి తెలియని విహరిణికి ఇప్పటి తాళం పడిన పుటలో ఒక్క అక్షరమూ దక్కదు. చదువుకోవడానికే ఉన్న పుటను తాళం లేని దారిలోనూ అందుబాటులో ఉంచవచ్చు. కానీ ఆ దారిలో పాఠాన్ని మధ్యలో ఎవరైనా మార్చే వీలుంటుంది. సంకేతపదాలు అడిగే పుటకు అది ఎంతమాత్రం తగదు.

ఇక మన సంగతి. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ గౌతమి ఖతి విండోస్ ఎక్స్‌పీతో 2001లో గాని రాలేదు. అంతకుముందటి యంత్రాల్లో యూనికోడు తెలుగు తరచూ డబ్బాలుగా కనిపించేది. ఖతి ఉన్నా కూర్పు తెలియని చోట 'స్త్రీ' ముక్కలై పడేది. కనుక అప్పటి తెలుగు పుటలు అనేకం రోమను అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు పెట్టిన ఖతుల్ని వాడాయి. ఎక్స్‌ప్లోరరుకు ఒక రకం డైనమిక్ ఖతి, నెట్‌స్కేప్ 4కు మరో రకం. ఆనాటి పాఠకుడికి అవి ఇంపుగానే కనబడ్డాయి. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6 తన పాత డైనమిక్ ఖతుల్ని వదిలేసింది. 2022లో ఎక్స్‌ప్లోరరు విశ్రమించింది. ఖతి దొరకని చోట ఆ పుటల్లో మిగిలేది అర్థంలేని రోమను గుర్తుల గుంపే. ఫైర్‌ఫాక్సులో పద్మ వంటి పనిముట్లు కొన్ని ఖతుల పాఠాన్ని యూనికోడులోకి మార్చి కాపాడాయి. పద్మకు తెలియని ఖతుల్లో ఉన్నది దానికీ అందలేదు.

డబ్బాలుగా కనిపించిన యూనికోడు పుట లోపల అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. ఖతి వచ్చిన రోజున అది మళ్ళీ తెలుగైంది. పాత విహరిణికి లొంగిపోవడం వేరు, దానికి చోటివ్వడం వేరు అని నేను నేర్చుకున్నది ఇక్కడే. దాని కళ్ళకు ఇంపుగా ఉండాలని అక్షరాన్నే మార్చితే విహరిణితో పాటు పుట కూడా పోతుంది. అక్షరాన్ని అక్షరంగా ఉంచి, అలంకారాన్ని వదిలెయ్యగలిగేలా పెడితే రెండూ మిగులుతాయి.

1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లింక్స్ అనే అక్షర విహరిణి నేటికీ నడుస్తోంది. నా పుటల్ని ఒకసారి అందులో తెరిచి చూస్తాను. శీర్షిక మొదట వచ్చిందా, పేరాలు వరసలో ఉన్నాయా, లంకెలు పనిచేస్తున్నాయా అన్నంతవరకే. అవి కుదిరితే, ఇంకా పుట్టని విహరిణికి కూడా నా పుటలో చదువుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని నా ధీమా.