గుడ్డు అందింది, పలకరింపు అందలేదు

మా దిక్కు తొలికాన్పు తల్లిగారింట్లోనే. పథ్యం అమ్మ వండుతుంది, పసిబిడ్డకు అమ్మమ్మ నీళ్లు పోస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లు "మొహం గట్లున్నదేంది బిడ్డా?" అని అడుగుతారు. ఈ మూడోది కూడా బాలింతకు చేసే సేవే అని ఎవరం అనుకోం.

సర్కారు ఈ బాధ్యతలో చెయ్యి వేసింది 1975 అక్టోబర్ 2న. 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీలు దానివే. గర్భిణికి, బాలింతకు పౌష్టికాహారం ఇవ్వడం వాటి పనుల్లో ఒకటి. కానీ ఇంటికిచ్చిన సరుకు ఇంటిల్లిపాదిదీ అవుతుంది. అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకు. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే కేంద్రంలోనే కూర్చోబెట్టి వడ్డించాలనే ఆలోచన వచ్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ అమృతహస్తం పేరుతో కొన్ని ప్రాజెక్టుల్లో మొదలుపెట్టారు. తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి అమలైంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అప్పటికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనివే. 2017 జూన్ 2న కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చేవారు.

పది మంది ఒక్కచోట కూర్చుని తింటే మాటలు కలుస్తాయి. పాలు పడటం లేదని ఒకరు, నిద్ర లేదని ఒకరు చెప్పుకుంటారు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలున్నాయి. తల్లిగారిల్లు అంత దూరాన ఉన్న ఆడపిల్లకు ఆ పూట భోజనంకన్నా ఆ మాటలే పెద్ద ఆసరా.

2020లో కరోనా వచ్చి వడ్డన ఆగింది. సరుకులు మళ్లీ ఇళ్లకే చేరాయి. మా వీధిలో ఒక బాలింత ఉండేది. గోడ ఇవతలి నుంచే "గుడ్లు అందినయా?" అని అడిగాను. "అందినయి అక్కా" అంది. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. రాత్రుళ్లు ఒక్కతే కూర్చుని ఏడ్చేదని నెల తర్వాత తెలిసింది.

ఇప్పుడు బాలింత కనబడితే నేను ముందు గుడ్ల సంగతి అడగను. "రాత్రి నిద్ర పట్టిందా బిడ్డా?" అని అడిగి, జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.