డిస్టాఫ్: ఆడవాళ్లకు పేరైన కర్ర

ఇంగ్లిషులో తల్లి తరఫు చుట్టరికాన్ని ‘డిస్టాఫ్ సైడ్’ అంటారు. వెనకటికి ఆడవాళ్లందరినీ కలిపి చెప్పడానికి కూడా ‘డిస్టాఫ్’ అనే వాడేవారు. 1984లో అమెరికాలో మొదలైన బ్రీడర్స్ కప్ గుర్రప్పందాల్లో ఆడగుర్రాల పందేనికి పెట్టిన పేరూ అదే.

అసలు డిస్టాఫ్ అంటే ఒక కర్ర. దానికి అవిసె నారో, గొర్రె ఉన్నో చుట్టి, చంకలోనో నడుములోనో దోపుకొని, కొసలు లాగుతూ కదురు తిప్పి దారం తీసేవారు. పాత ఇంగ్లిషులో ‘డిస్’ నార కుచ్చు, ‘స్టాఫ్’ కర్ర. యూరప్‌కు రాట్నం రాకముందు ఇంటిల్లిపాది బట్టకూ కావలసిన దారం ఆడవాళ్లే ఇలా తీశారు. పొద్దస్తమానం చేతిలో ఉన్న ఆ కర్రే చివరికి వాళ్ల పేరైంది. 9వ శతాబ్దపు ఆల్‌ఫ్రెడ్ రాజు వీలునామాలో మగవాళ్ల తరఫు ‘ఈటె వైపు’, ఆడవాళ్ల తరఫు ‘కదురు వైపు’. క్రిస్మస్ పండగ రోజులు ముగిశాక, జనవరి 7న ఆడవాళ్లు మళ్లీ వడకడానికి కూర్చునేవారు. ఆ రోజును ‘సెయింట్ డిస్టాఫ్ డే’ అన్నారు. ఆ పేరుతో సెయింటు ఎవరూ లేరు, ఉన్నది కర్రే. నూలు వడికే మనిషి అని అర్థమున్న ‘స్పిన్‌స్టర్’ 17వ శతాబ్దానికి పెళ్లికాని స్త్రీ అనే చట్టపరమైన మాటగా స్థిరపడింది. ఇంగ్లండు పెళ్లి రిజిస్టర్లలో 2005 దాకా అలాగే రాశారు.

అక్కడ పని పోయి మాట మిగిలింది. మా ఎచ్చెర్ల పక్కనున్న పొందూరులో పని ఇంకా ఉంది.

పొందూరు ఆడవాళ్లు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకున్న సన్నని పళ్లు పత్తిలోని చెత్తను పట్టేస్తాయి, పోగు తిన్నగా సాగుతుంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి ఎండు అరటి డొప్పలో దాచుకుంటారు. పత్తి పోగు పొట్టిది కాబట్టి కర్రకు చుట్టే పని లేదు, ఏకు వేళ్ల మధ్య ఉంటే చాలు. అవిసె నార పొడుగు, అందుకే దానికి కర్ర కావాల్సి వచ్చింది. ఒంటి కదురు రాట్నం మీద ఇక్కడ వంద కౌంటు నూలు తీస్తారు. వంద కౌంటంటే అరకిలో కూడా లేని ఒక పౌను దూది నుంచి 84 వేల గజాల దారం, అంటే దాదాపు 77 కిలోమీటర్లు! ఒక్కచోట వేలు బరువైతే పోగు తెగుతుంది. గాంధీజీ ఈ నూలు సంగతి తెలుసుకొని, కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపారు.

మనమూ ఏకును భాషలోకి తెచ్చుకున్నాం. మెత్తగా చేరి పాతుకుపోయినవాణ్ణి ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అంటాం. ఏకు చుట్టిన చేతులకు మాత్రం మన భాషలో పేరు దక్కలేదు. ఆ నూలుతో నేసిన పంచె మీద ఊరి పేరుంటుంది, నేతగాడికి మెప్పు దక్కుతుంది. నూలు తీసిన మనిషి ఊసు ఎక్కడా రాదు. ఇది అన్యాయం. మీరు ఈసారి పొందూరు పంచె కొన్నప్పుడు నేసిందెవరని అడగండి, దాంతోపాటు వడికిందెవరో కూడా అడగండి.