నూజివీడు రోడ్డు – నాడు, నేడు

రైలెక్కి నూజివీడు స్టేషనులో దిగిన కొత్తవారికి ఊరు కనిపించదు. విజయవాడ – ఏలూరు రైలు మార్గంలో హనుమాన్ జంక్షన్ దగ్గరున్న ఆ స్టేషనుకు నూజివీడు పేరు పెట్టారు గాని, అసలు పట్టణం అక్కడికి పది మైళ్ళ పైచిలుకు దూరంలో మెరక మీద ఉన్నది. ఇంత పేరు గడించిన ఊరికి రైలు లేదు, కాలువ లేదు. మామిడిపండు గాని, వీణ గాని, ఉపదేశి గాని రోడ్డు పట్టుకునే రావాలి, రోడ్డు పట్టుకునే పోవాలి. ఆ రోడ్లలో ముఖ్యమైనది విజయవాడ నుండి సింగ్‌నగర్, పాయకాపురం, నున్న, సూరంపల్లి, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు చేరే సుమారు 45 కిలోమీటర్ల దారి. ఈ శతవార్షిక సంచికలో గుడులను గురించి, గురువులను గురించి పెద్దలు అనేకులు వ్రాస్తారు. వారందరి కాళ్ళకింద నలిగిన దారిని గురించి కూడ నాలుగు మాటలు ఉండటం న్యాయమని తోచి ఈ వ్యాసం వ్రాయుచున్నాను.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని క్రింద ఏలూరు కాలువ, రైవస్ కాలువ వంటివి పారాయి. డెల్టాలో కాలువే పొలానికి నీరు, కాలువే పడవకు దారి. ఉత్తరాన ఎర్రనేల మెట్టకు ఈ రెంటిలో ఏదీ దక్కలేదు. చెరువు నిండితే వరి, లేకుంటే జొన్న. కాబట్టే ఆ నేలలో మామిడి నిలదొక్కుకున్నది. నీరు నిలువని ఎర్రమట్టి, పూత కాలంలో పొడి వాతావరణం ఆ చెట్టుకు కావలసినవి. డెల్టా వారికి వరమైన నీరు ఇక్కడ లేకపోవడమే ఈ సీమకు పేరు తెచ్చిపెట్టింది.

ఈ ప్రాంతమంతా మేకా వంశపు అప్పారావుల జమీందారీ. కాలక్రమాన అది వుయ్యూరు, తేలప్రోలు, మీర్జాపురం మొదలైన ఎస్టేట్లుగా చీలింది. దారిలో ఆగిరిపల్లి కొండమీది శోభనాచలస్వామి ఈ జమీందారులకు కొలుపు. రథసప్తమి తిరునాళ్ళకు చుట్టుపట్ల ఊళ్ళ బండ్లన్నీ ఈ దారినే పట్టేవి. (ఆ స్వామి పేరే తరువాత మద్రాసు దాకా ప్రయాణించింది. మీర్జాపురం రాజా వారి సినిమా స్టూడియో పేరు శోభనాచల. ఎన్.టి. రామారావు తొలిసారి తెరకెక్కిన 'మనదేశం', 1949, మీర్జాపురం రాజా దంపతుల నిర్మాణమే.) 1884 లోకల్ బోర్డుల చట్టం తరువాత జిల్లా బోర్డు, తాలూకా బోర్డు వచ్చి రోడ్డు సెస్సు వసూలు చేశాయి. అయితే సెస్సు వసూలైనంత చురుకుగా కంకర పడిందని ఎవరూ అనలేరు.

అప్పటి దారి రెండు రకాల నేలమీద నడిచేది. బెజవాడ వదలి బుడమేరు దాటేవరకు నల్లమట్టి. వాన పడితే ఇరుసుల దాకా దిగబడేది. మెట్టకు ఎక్కిన తరువాత ఎర్రగరప. అది వానకు కోసుకుపోయేదే గాని బండిని పట్టి ఉంచేది కాదు. ఇందుకే ఆనాటి ప్రయాణాలకు ఒక ఋతువు ఉండేది. వానలు వెనకబట్టి, దారులు ఆరి, మంచు మొదలైన తరువాతనే మిషనరీ దొరలు డేరాలు వేసుకొని పల్లెలు తిరిగేవారు. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ గార్లు మచిలీపట్నంలో దిగి సి.ఎం.ఎస్. తెలుగు మిషను ప్రారంభించారు. నోబుల్ గారు బడి పట్టుకొని కూర్చున్నారు, ఫాక్స్ గారు ఊళ్ళు పట్టుకొని తిరిగారు, 1848లో కన్నుమూశారు. తరువాత ఏలూరు, బెజవాడ స్థావరాలయ్యాయి. 1859లో డార్లింగ్ గారి చేత బాప్తిస్మము పొందిన పగోలు వెంకయ్య గారి కథ మన సంఘాలలో తెలియనివారుండరు. రాఘవాపురం నుండి ఆ కబురు జిల్లా అంతటా పాకిపోయింది బండ్లమీద కాదు, కాలినడకన.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. రోడ్డు ఊరికి వెళ్ళేది, పల్లెకు వెళ్ళేది కాదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎడంగా, సాధారణంగా పల్లపు చోట ఉండేవి. ఊరి రోడ్డు వదిలిన తరువాత పొలం గట్టు మీద నడిచి అక్కడికి చేరాలి. కొత్తగా విశ్వాసులైన వారిలో హెచ్చుమంది ఆ పల్లెల వారే. మట్టి తట్టలు మోసి రోడ్లు వేసినవారిలోను వారి కుటుంబాలు తక్కువేమీ కాదు. తాము వేసిన రోడ్డు తమ గడప దాకా రావడానికి అనేకచోట్ల స్వాతంత్ర్యం తరువాత కూడ దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. రోడ్డు చరిత్ర వ్రాసేవారు మైళ్ళు లెక్కపెడతారు గాని ఈ చివరి రెండు ఫర్లాంగులు లెక్కలో వేయరు.

బెజవాడ రైల్వే కూడలి అయి, 1893లో కృష్ణపై వంతెన తయారైన తరువాత మామిడికి కొత్త లోకం తెరుచుకున్నది. కాయ బెజవాడ చేరితే చాలు, మద్రాసుకైనా ఉత్తరాదికైనా పోగలదు. చేరడమే కష్టం. తెల్లవారుజామున కోసిన కాయను వరిగడ్డి పరచిన రెండెడ్ల బండిలో పేర్చి, చల్లపొద్దున, రాత్రివేళ నడిపేవారు. గోతిలో చక్రం పడిన ప్రతిసారి అడుగు వరుస కాయ నలిగేది. నా ఉద్దేశంలో ఈ గోతులే నూజివీడు తోటల రూపం మార్చివేశాయి. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం తోలు పలచన, లోపలంతా రసం. పిండుకొని తాగే పండు కుదుపుకు ఎట్లా ఆగుతుంది? బంగినపల్లి కండగల కాయ, నాలుగు రోజులు నిలుస్తుంది, దూరం పోతుంది. మన వాళ్ళు కలెక్టరు అని పిలిచే తోతాపురి ఇంకా గట్టిది, రసం ఫ్యాక్టరీలకు పోతుంది. దూరపు బజారు చేతికందిన కొద్దీ రైతు బంగినపల్లి, కలెక్టరు అంటుకట్టాడు. రసాలు గట్టుమీదికి, ఇంటి పెరటిలోనికి జరిగాయి. రోడ్డు బాగుపడిన తరువాతనైనా అవి తిరిగి రాలేదు, ఎందుకంటే రోడ్డు బాగుపడిన కొద్దీ గిరాకీ ఇంకా దూరం జరిగింది.

బస్సుల కాలం వచ్చింది. యుద్ధపు రోజులలో పెట్రోలు కరవై బొగ్గు గ్యాసుతో నడిచిన బస్సులను గురించి పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. ఎత్తు వస్తే జనం దిగి నడిచి, పైన మళ్ళీ ఎక్కేవారట. సొంతదారుల బస్సులే అన్నీ. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఆంధ్ర ప్రాంతంలో జాతీయీకరణకు కృష్ణా జిల్లాను ఎన్నుకున్నప్పుడు ఇక్కడి ఆపరేటర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అంటే నేటికీ లా విద్యార్థులు ఉలిక్కిపడతారు. అభ్యంతరాలను విన్నది రవాణాశాఖ కార్యదర్శి, ఉత్తర్వు వేసింది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెప్పడం విచారణ కాదని 1958 నవంబరులో కోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. తీర్పు వ్రాసినవారు మన తెలుగువారే, కోకా సుబ్బారావు గారు. ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారు ఈసారి స్వయంగా కూర్చుని విన్నారు. ఆపరేటర్లు మరల కోర్టుకు వెళ్ళినా 1959లో ప్రభుత్వమే నెగ్గింది. ఎర్రబస్సు ఆ విధంగా మన రోడ్డెక్కింది. పల్లె సంఘాల వారు మీటింగులకు, ఆడపిల్లలు హాస్టలు బడులకు బెజవాడ, నూజివీడు పోయి రావడానికి ఆ బస్సు చేసిన మేలు చిన్నది కాదు. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఈ బస్సులలో టిక్కెట్టు కూడ లేదు. కాయ ఏరడానికి పోయే కూలితల్లులకు అది రోజుకూలిలో మిగులు.

ఇక రోడ్డు తల భాగానికి వస్తాను, అసలు చిక్కు అక్కడే. బుడమేరు మైలవరం వైపు కొండలలో పుట్టి కొల్లేటికి పోయే వాగు. ఏడాదిలో చాలా నెలలు దానిని చూసి ఎవరూ భయపడరు. ఊరిలో చోటు చాలక, బీదవారికి ఇళ్ళస్థలాలు ఇవ్వవలసి వచ్చినప్పుడల్లా విజయవాడ ఈ రోడ్డు వెంబడి ఉత్తరానికి జరిగింది. 1985లో పాయకాపురం, కుందావారి కండ్రిక కార్పొరేషనులో కలిశాయి. 2001లో వచ్చిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస యోజన ఇళ్ళతో వాంబే కాలనీ లేచింది. రిక్షా కార్మికులు, తాపీ పనివారు, ఇళ్ళలో పనిచేసే తల్లులు, పల్లెల నుండి వలస వచ్చిన మన సంఘస్థులు అనేకులు అక్కడివారే. వాగు పరచుకునే చోటనే వారి ఇళ్ళు. రోడ్డుకు మరమ్మతు వచ్చిన ప్రతిసారి పాత తారుమీద కొత్త తారు పోస్తారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. రెండు మెట్లు ఎక్కి వెళ్ళిన గడపకు ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళే ఇళ్ళు ఆ వీధులలో ఎన్నో.

2005 సెప్టెంబరులో బుడమేరు ఒకసారి హెచ్చరించింది. 2024 సెప్టెంబరు 1న ఆ హెచ్చరికను ఎంత మరచామో తెలిసింది. వెలగలేరు దిగువన మళ్ళింపు కాలువ ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడి నీరు ఊరిమీదికి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవరు పడవల రేవు అయింది. మీగడ కట్టిన బురదనీటిలో ముసలివారిని, పసిపిల్లలను ట్రాక్టర్లమీద, పడవలమీద అక్కడికి తెచ్చేవారు. మేడలమీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. మూడవ గండి సెప్టెంబరు 7న గాని పూడలేదు. ఆ తరువాత ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. యెరికో దారిన పడియున్నవానిని చూసి ఎవరు ఆగారు, ఎవరు ప్రక్కగా పోయారు అనే ప్రసంగం మనం ఏటా వింటాము. ఆ వారం ఫ్లైఓవరు మీద ఇద్దరూ కనిపించారు. అన్నం గిన్నెలతో వచ్చినవారు ఉన్నారు, పడవకు డబ్బు అడిగినవారూ ఉన్నారు.

నున్న దగ్గర మామిడి మార్కెట్టు ఆసియాలోకెల్ల పెద్దదని చెప్పుకుంటారు. వేసవిలో రోడ్డుమీద కిలోమీటర్ల లారీల బారు చూస్తే ఎవరికీ వాదించబుద్ధి కాదు. కానీ ధర చెప్పేది రైతు కాదు. గాలివాన వచ్చి కాయ రాలితే ఆ రాత్రికే రోడ్డెక్కించాలి, ఆ రాత్రి ఎంత ఇస్తే అంత. అక్కడికి కొంచెం ఎగువన పోలవరం కుడికాలువ రోడ్డును దాటుతుంది. 2015లో పట్టిసీమ నీరు దానిలో పారి కృష్ణకు చేరింది. మెట్ట రైతు గోదావరిని కళ్ళారా చూచాడు. చిన అవుటుపల్లి నుండి గొల్లపూడికి వేసిన పడమటి బైపాసు కూడ నున్న ప్రాంతాననే అడ్డంగా పోతుంది. సూరంపల్లిలో ఫ్యాక్టరీలు, నూజివీడులో 2008 నుండి ట్రిపుల్ ఐటీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ 45 కిలోమీటర్లు మూడు జిల్లాల పాలయ్యాయి: నున్న ఎన్.టి.ఆర్. జిల్లాకు, సూరంపల్లి కృష్ణాకు, ఆగిరిపల్లి, నూజివీడు ఏలూరుకు. గుంట పూడ్చమని అర్జీ పెట్టదలచినవాడు ముందు ఏ కలెక్టరుకో తేల్చుకోవాలి. చెట్టుమీది కలెక్టరు ఒక్కడే మూడు జిల్లాలకూ చెల్లుతున్నాడు.

2014లో రాజధాని మాట వచ్చినప్పటినుండి ఈ దారి ప్రక్క తోటలలో చెట్లకంటె సరిహద్దు రాళ్ళు హెచ్చు కనిపిస్తున్నవి. మిగిలిన చోట తామరపురుగు నల్లితోను, అడుగంటిన బోర్లతోను విసిగినవారు పామాయిలు వేస్తున్నారు. ఇప్పుడు అమరావతి బాహ్యవలయ రహదారి ఆగిరిపల్లి మండలం గుండా రానున్నది, సుమారు 190 కిలోమీటర్ల ప్రతిపాదన. భూసేకరణలో పండ్లచెట్లకు విలువ కట్టేది ఉద్యానశాఖ వారు. జాతి, వయసు, కాపు చూసి కాగితం మీద వేస్తారు. గట్టుమీద తాత నాటిన చిన్నరసం చెట్టు ఉన్న రైతులు ఆ కాగితం కోసం కనిపెట్టుకొని ఉన్నారు.